యౌవన సంఘములు – పసివారి భద్రత

మన అధ్యక్ష ఖండము నూరు సంవత్సరములు పూర్తి చేసికొనిన సందర్భమున వెలువడుచున్న ఈ సంచికకు యౌవనస్థుల పరిచర్య చరిత్రను గూర్చి ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరినారు. ఆ చరిత్రలో సంతోషింపదగినది చాలా ఉన్నది. ఆదివారపు బడులు, వేసవి బైబిలు బడులు, గాయక బృందములు, క్రిస్మసు నాటకములు, యౌవనస్థుల కూడికలు – వీటి ఫొటోలు ఇతర పుటలలో మీరు చూచియే ఉందురు. నేను మాత్రము ఫొటోలకు ఎక్కని ఒక సంగతిని గూర్చి వ్రాయుచున్నాను. తలిదండ్రులు నమ్మి అప్పగించిన పిల్లలపై కొందరు లైంగిక దౌర్జన్యము చేసినప్పుడు, యౌవన సంఘములు దానిని మొదట ఎట్లు దాచినవి, ఎంత మూల్యము చెల్లించిన పిమ్మట అడ్డుకొనుట నేర్చుకొన్నవి అన్నదే ఆ సంగతి. పండుగ పూట ఈ మాట ఎందుకని కొందరు పెద్దలు నొచ్చుకొనవచ్చును. నేనును చాలాకాలము అట్లే అనుకొన్నవాడను. ఎందుకు మనసు మార్చుకొన్నానో క్రింద చెప్పెదను.

పిల్లలకును యౌవనస్థులకును ప్రత్యేకముగా సంఘములు ఏర్పరచుట మిక్కిలి పాత ఆచారమేమీ కాదు. లండనులో వై.ఎం.సి.ఏ. 1844లో పుట్టినది. 1883లో గ్లాస్గో నగరమున విలియమ్ స్మిత్ అను ఆదివారపు బడి ఉపాధ్యాయుడు అల్లరి పిల్లలను దారిలో పెట్టుటకు బాయ్స్ బ్రిగేడ్‌ను ప్రారంభించినాడు. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ దొర ఇరువదిమంది బాలురను బ్రౌన్‌సీ దీవికి తీసికొనిపోయి గుడారములలో ఉంచి స్కౌటు ఉద్యమమునకు పునాది వేసినాడు. వీటన్నిటికిని ఒకే ఆలోచన ప్రాణము. బడిలో మాస్టరువలె గాక, ఇంటిలో తండ్రివలె గాక, ఒక అన్నవలె పిల్లలతో కలిసి ఆడి పాడి వంటచేసుకొని తిను ఒక పెద్దమనిషి ఉండవలెను. మంచి ఆలోచనయే. మనలో ఎందరమో అట్టి అన్నల చేతులలో పెరిగినవారము. అయితే అట్టి చనువు, అట్టి ఏకాంతము, అట్టి నమ్మకము దుర్మార్గునకు సైతము వాకిలి తెరచినవి. ఆ వాకిలికి గడియ లేదని గుర్తించుటకు లోకమునకు ఎనుబది ఏండ్లు పట్టినది.

ఈ విషయమున అమెరికా బాలుర స్కౌటు సంఘపు చరిత్రను కొంత వివరముగా చెప్పవలసి యున్నది. ఆ సంఘము 1910లో ఏర్పడినది. 1920ల నుండి వారు ప్రధాన కార్యాలయమున ఒక రహస్య జాబితా ఉంచినారు. తగనివారని తీసివేయబడిన నాయకుల పేర్లు అందులో ఉండెడివి. డబ్బు తినినవారు, త్రాగుబోతులు మొదలైనవారితోపాటు, పిల్లలను చెరిపినవారికి ప్రత్యేకముగా ఒక తరగతి ఫైళ్ళు ఉండెడివి. 1935లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలోనే ఈ జాబితా ప్రస్తావన వచ్చినది. అప్పటికే దాదాపు మూడు వేల పేర్లు చేరినవి. కావున వారికి తెలియదనుటకు వీలులేదు. తెలిసినది. వ్రాసి పెట్టినారు. బీరువాలో పెట్టి తాళము వేసినారు.

ఆ జాబితా ఉద్దేశము చెడ్డది కాదని నా అభిప్రాయము. ఒక ఊరిలో తీసివేసినవాడు మరియొక ఊరిలో చేరకుండ ఆపవలెనని దానిని పెట్టినారు. కొందరిని ఆపినదికూడను. కాని పేరు కొంచెము మార్చి వ్రాసికొన్నవాడు మరల చేరినాడు. ఇకమీదట జాగ్రత్తగా ఉండుమని హెచ్చరించి తిరిగి పనిలో పెట్టుకొనబడినవాడు మరల అదే పని చేసినాడు. అన్నిటికంటె పెద్ద లోపము మరియొకటి ఉన్నది. ఆ బీరువాలోని సంగతి పిల్లవాని తలిదండ్రులకు తెలియదు, పక్కింటివారికి తెలియదు, చాలాసార్లు పోలీసులకు తెలియదు. 2012లో లాస్ ఏంజిలిస్ టైమ్స్ పత్రిక 1970 నుండి 1991 వరకు ఉన్న పదహారు వందల ఫైళ్ళను పరిశీలించినది. స్కౌటు అధికారులకే మొదటగా సంగతి తెలిసిన ఐదువందల కేసులలో, నూటికి ఎనుబది కేసులు పోలీసులకు చెప్పినట్లు ఆధారమే లేదు. నూరింటికి పైగా కేసులలో సంగతిని పూడ్చివేయుటకు ప్రయత్నము జరిగినది. తీసివేయబడినవాని రాజీనామా లేఖలో వ్రాసిన కారణములు చదువగా నవ్వును దుఃఖమును కలిసి వచ్చును. ఒకనికి వ్యాపారపు ఒత్తిడి, ఒకనికి మెదడు జబ్బు, ఇంకొకనికి షేక్స్పియరు నాటకోత్సవములో పని. మన ఊళ్ళలోనైతే "ఆరోగ్యము బాగుండక" అని వ్రాసెదము.

ఆరెగాన్ రాష్ట్రములోని పోర్ట్‌లాండులో ఒక సహాయ స్కౌటు నాయకుడు, తాను పదిహేడుమంది బాలురను చెరిపినట్లు 1983లో తన స్థానిక సంఘపు పెద్ద ఎదుట ఒప్పుకొన్నాడు. ఆ స్కౌటు దళమును పోషించుచున్నది ఆ సంఘమే. ఒప్పుకొన్న తరువాతను అతడు పిల్లల మధ్య తిరుగుచునే యున్నాడు. వారిలో ఒకడు పెరిగి పెద్దవాడై దావా వేయగా, 2010లో జ్యూరీవారు స్కౌటు సంఘమునకు శిక్షగా ఒక కోటి ఎనుబదియైదు లక్షల డాలర్లు విధించినారు. ఆ దావాలో సాక్ష్యముగా వచ్చిన 1965–1985 మధ్యకాలపు ఫైళ్ళు పన్నెండు వందలకు పైగా, ఆ రాష్ట్ర ఉన్నత న్యాయపీఠము ఆజ్ఞచేత 2012 అక్టోబరులో లోకమునకు బయటపడినవి. తాళము బీరువా తెరువబడినది. దావాల వెంట దావాలు వచ్చినవి. 2020 ఫిబ్రవరిలో సంఘము దివాలా అర్జీ పెట్టుకొన్నది. బాధితులు ముందుకు రావలెనని గడువు పెట్టగా 82 వేలకు పైగా అర్జీలు వచ్చినవి. చివరకు 246 కోట్ల డాలర్ల నిధితో ఒప్పందము కుదిరి 2023 ఏప్రిలులో అమలునకు వచ్చినది. 2025 ఫిబ్రవరి నుండి ఆ సంఘము స్కౌటింగ్ అమెరికా అను పేరు పెట్టుకొన్నది.

ఇది అమెరికావారి సంగతి, స్కౌటుల సంగతి, మన సంఘములలో ఇట్టివి ఉండవని కొందరికి తోచవచ్చును. అందుచేత మన ఆంగ్లికను బంధువర్గములోనే జరిగినది ఒకటి చెప్పెదను. ఇంగ్లండులో పేరుపొందిన పాఠశాలల బాలురకు ఐవెర్న్ అను చోట సెలవులలో క్రైస్తవ శిబిరములు జరిగెడివి. వాటిని నడుపు ట్రస్టుకు అధ్యక్షుడైన జాన్ స్మిత్ పెద్ద న్యాయవాది, సంఘములో వాక్య పరిచారకుడు. అతడు శిబిరములలో పరిచయమైన బాలురను తన ఇంటి తోటలోని పాకకు పిలిచి, పాపమునకు ప్రాయశ్చిత్తమను నెపమున బట్టలు విప్పించి రక్తము కారునట్లు బెత్తముతో కొట్టెడివాడు. 1982లోనే ఒక గురువు విచారించి నివేదిక వ్రాసినారు. దానిని చేతివ్రేళ్ళ మీద లెక్కింపదగిన కొద్దిమందికి మాత్రము పంపినారు. పోలీసులకు పోలేదు. 1984లో అతడు జింబాబ్వేకు వెళ్ళినాడు. అక్కడను క్రైస్తవ శిబిరములే పెట్టినాడు, అక్కడను బాలురను కొట్టినాడు. 1992లో ఆ శిబిరములో ఒక పదహారేండ్ల బాలుడు ఈత కొలనులో చనిపోయి కనబడినాడు. 2001లో దక్షిణాఫ్రికాకు పోయి, 2018లో ఏ న్యాయస్థానమందును శిక్షపడకయే మరణించినాడు. అతని చేతిలో బాధపడినవారు రెండు ఖండములలో కలిపి నూరుమందికి పైగా ఉందురని 2024 నవంబరులో వెలువడిన విచారణ నివేదిక తేల్చినది. 2013లో తమకు తెలిసిన పిమ్మట తగినంత పట్టుదలతో వెంబడింపలేదన్న కారణమున కాంటర్బరీ ఆర్చిబిషప్పుగారే ఆ నెలలో తమ పదవికి రాజీనామా ప్రకటించవలసి వచ్చినది.

ఇంగ్లండు నుండి జింబాబ్వేకు, అక్కడినుండి దక్షిణాఫ్రికాకు. ఈ ప్రయాణమును చదువుచున్నప్పుడు నాకు నిద్రపట్టలేదు. ఏలయనగా నేనును ఒకనిని అట్లే సాగనంపినవాడను.

నేను అభిషేకము పొందిన తొలి యేండ్లలో, 2009 వేసవిలో జరిగినది. మా వేసవి బైబిలు బడిలో యాక్షను పాటలు బహు చక్కగా నేర్పు యువకుడు ఒకడు ఉండెను. పిల్లలకు మిఠాయిలు కొనిపెట్టును. సైకిలు మీద ఇండ్లకు దిగబెట్టును. అందరికిని అతడంటే ఇష్టము, నాకును ఇష్టమే. ఒక సాయంకాలము కూలిపనికి పోయివచ్చిన ఒక తల్లి మా ఇంటి వెనుక గుమ్మము దగ్గరకు వచ్చి నిలువబడినది. "అయ్యగారూ, మా బాబు ఆ అన్నయ్య క్లాసుకి ఎల్లనంటున్నాడండి. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేత్తన్నాడు. ఏంట్రా అంటే చెప్పడు. మీరే కాస్త చూడాలండి" అని అన్నది. నేను ఇద్దరు పెద్దలను పిలిచి మాట్లాడితిని. సంఘము పరువు, ఆ యువకుని తండ్రి మంచితనము, అతని చెల్లెలి పెండ్లి సంబంధము – ఇవన్నియు ఆ గదిలో మాటలలోనికి వచ్చినవి. ఆ పిల్లవాని పేరు మాత్రము ఎవ్వరమును రెండవమారు ఎత్తలేదు. యువకుని పిలిచి "నీవు ఇక రావద్దు నాయనా" అన్నాము. అతడు కారణము కూడ అడుగలేదు. సమస్య తీరినదని మేము ముగ్గురమును ప్రార్థన చేసికొని లేచితిమి.

రెండేండ్ల తరువాత వేరొక పాస్టరేటులో యౌవనస్థుల కూడికకు వాక్యము చెప్ప వెళ్ళితిని. వేదికమీద గిటారు పట్టుకొని పాట నడిపించుచున్నవాడు అతడే. క్రింద చాపలమీద చిన్నపిల్లలు. కూడిక అయిన పిమ్మట అక్కడి పాస్టరుగారిని ప్రక్కకు పిలిచి చెప్పితిని. ఆయన నా ముఖము చూచి "మీకు తెలిసి రెండేళ్ళయిందా?" అని మాత్రము అడిగినారు. ఆ ప్రశ్నకు ఇప్పటికిని నాయొద్ద జవాబు లేదు. వేదాంత కళాశాలలో నేను గ్రీకు చదివితిని, సంఘ చరిత్ర చదివితిని, పరామర్శ పరిచర్యకూడ చదివితిని. షిలోహులో ఏలీ తన కుమారుల దుష్కార్యములు విని, మందలించి, అడ్డగింపక ఊరకుండిన కథమీద రెండు ప్రసంగములు చేసి మార్కులు తెచ్చుకొన్నవాడను.

ఇక యౌవన సంఘములు నేర్చుకొన్న పాఠమునకు వచ్చెదను. మొదట వారు చేసినది దుర్మార్గుని ముఖము చూచి కనిపెట్టవలెనను ప్రయత్నము. అది వ్యర్థమైనది. అతడు ముఖము చిట్లించుకొనువాడు కాడు, అందరికన్న ఎక్కువ ప్రేమగా కనబడువాడు. 1980ల చివరినుండి అమెరికా స్కౌటులు వేరొక దారి పట్టినారు. మనిషిని తూచుట మాని, పరిస్థితిని మార్చినారు. ఏ ప్రయాణమునకును ఏ శిబిరమునకును ఇద్దరు పెద్దలు లేకుండ వెళ్ళరాదన్నారు. పిమ్మట ఏ పెద్దవాడును ఏ పిల్లవానితోను ఒంటరిగా ఉండరాదన్నారు. 2018 నుండి ఇరువదియొక్క సంవత్సరములు నిండిన, నమోదైన ఇద్దరు నాయకులు ప్రతి కార్యక్రమమునకును ఉండవలెనన్నారు. పెద్దవారును పిల్లలును ఒకే గుడారమున పడుకొనరాదు. స్నానములు వేర్వేరు. తలిదండ్రులకు మూయబడిన కూడిక ఏదియు ఉండరాదు, రహస్య ప్రమాణములు ఉండరాదు. పిల్లవానితో ఏకాంతముగా మాట్లాడవలసి వచ్చినప్పుడు ఇతరులకు కనబడుచోట మాట్లాడవలెను.

ఈ నియమములో ఉన్న తెలివిని కొంచెము ఆలోచించుడి. ఇది ఎవ్వరిని దొంగ అనదు. బిషప్పుగారికిని ఇదే నియమము, నిన్న చేరిన కుర్రవానికిని ఇదే. అందుచేత దానిని పాటించుటలో ఎవరికిని అవమానము లేదు. దానిని దాటినవాడు మాత్రము వెంటనే కంటబడును. నేరము జరిగినదని ఋజువు చేయు పని లేకుండగనే, "నీవేల ఒక్కడవే ఆ పిల్లవానిని తీసికొనిపోతివి?" అని ఎవరైనను అడుగవచ్చును. పదేండ్ల పిల్లకూడ అడుగవచ్చును. మునుపు ఆ తల్లి నాయొద్దకు వచ్చినప్పుడు ఆమె చేతిలో అట్టి నియమము ఏదియు లేదు. బిడ్డ భయము ఒక్కటే ఉన్నది. దానిని మేము చాలదనుకొంటిమి.

పోలీసు ధ్రువపత్రము తెచ్చుకొన్నచో చాలునని కొందరు అందురు. అదియు కావలసినదే. అమెరికా స్కౌటులు 2008 నాటికి స్వచ్ఛంద సేవకులందరికిని ఆ విచారణ పెట్టినారు. కాని పట్టుబడనివాని పేరు ఏ పోలీసు పుస్తకములోను ఉండదు గదా. మా యువకుని పేరు ఎక్కడ ఉండును? మేము చెప్పియుంటేగదా. ఆస్ట్రేలియాలో 2013 నుండి 2017 వరకు పనిచేసిన రాయల్ కమిషను అక్కడి ఆంగ్లికను బాలుర సమాజమును గూర్చియు విచారించినది. పత్రములకంటె ముందుగా పిల్లల మాట వినబడు ఏర్పాటు, ఫిర్యాదు చేయుదారి, పెద్దల బాధ్యత వీటిని గూర్చి ఆ కమిషనువారు పది ప్రమాణములు నిర్ణయించినారు.

మన దేశములో ఈ సంగతి ఎంత దగ్గరిదో 2007లో కేంద్ర ప్రభుత్వము చేయించిన అధ్యయనము చూపినది. 13 రాష్ట్రములలో పన్నెండు వేలకు పైగా పిల్లలను అడుగగా, నూటికి 53 మంది ఏదో ఒక రూపమున లైంగిక దౌర్జన్యమును ఎదుర్కొన్నట్లు చెప్పినారు. అట్లు చెప్పినవారిలో మగపిల్లలే సగమునకు మించినారు. ఎక్కువగా కనబడిన రాష్ట్రములలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మగపిల్లలకేమి భయమని మన ఇండ్లలో అను మాట ఎంత తప్పో దీనివలన తెలియును.

2012 నవంబరు 14 నుండి పోక్సో చట్టము అమలులో ఉన్నది. పదునెనిమిదేండ్లు నిండని వారందరును, ఆడపిల్లలైనను మగపిల్లలైనను, దీని రక్షణలో ఉన్నారు. మనము ముఖ్యముగా తెలిసికొనవలసినది 19వ సెక్షను. నేరము జరిగినదని తెలిసినవారే గాక, జరుగవచ్చునని భయము కలిగినవారు సైతము పోలీసులకు తెలుపవలెను. "కమిటీలో పెట్టి చూచెదము" అనుటకు అందులో చోటు లేదు. తెలుపనివారికి ఆరు నెలలవరకు, తన క్రిందివాని నేరమును దాచిన సంస్థాధికారికి సంవత్సరమువరకు జైలు. మత సంస్థల నిర్వాహకులో సిబ్బందియో నేరము చేసినచో దానిని మరింత ఘోరమైన నేరముగా లెక్కించి శిక్ష పెంచినారు. 2020 నియమముల ప్రకారము పిల్లలతో తరచు పనిచేయు సంస్థలు తమ సిబ్బందికి పోలీసు విచారణ చేయించవలెను. పిల్లవానిని పోలీసుస్టేషనుకు ఈడ్చుకొనిపోవుదురేమోనని తల్లులు భయపడుదురు. ఆ భయము అక్కరలేదు. యూనిఫారములో లేని అధికారి, వీలైనంతవరకు మహిళా ఎస్సై, పిల్లవాని ఇంటివద్దనే వాంగ్మూలము తీసికొనవలెనని చట్టములోనే ఉన్నది. పిల్లవాని పేరు పత్రికలలో రాకూడదు. పేరు బయటపడునని మేము ఆనాడు చెప్పుకొన్న సాకు ఈనాడు చెల్లదు.

క్రిందటి క్రిస్మసుకు ఆ పిల్లవాడు ఊరికి వచ్చినాడు. ఇప్పుడు పెద్దవాడు, హైదరాబాదులో ఉద్యోగము. ఆరాధన అయిన పిమ్మట అందరును వెళ్ళువరకు ఆగి, అతనితో నా తప్పు ఒప్పుకొంటిని. అతడు కొంతసేపు నేలచూపు చూచి, "అప్పుడు మీరందరూ ఆయనతో మాట్లాడారు, అమ్మతో మాట్లాడారు. నన్ను మాత్రం ఒక్కమాట అడగలేదండి" అన్నాడు. అంతకుమించి ఏమియు అనలేదు. కారులో తల్లిని ఎక్కించుకొని వెళ్ళిపోయినాడు.

ఆ తరువాత వచ్చిన ఫిబ్రవరిలో ఈ నియమములను మా పాస్టరేటు కమిటీ ముందు పెట్టితిని. పిల్లల క్లాసు ఏదైనను ఇద్దరు పెద్దలు. క్లాసు జరుగు గది తలుపు తెరచియే ఉండవలెను. బండిమీద ఒంటరిగా దిగబెట్టుట లేదు. కూడికలకు వెళ్ళినప్పుడు పెద్దలకు వేరు గది. ఫిర్యాదు వినుటకు స్త్రీల మైత్రి నుండి ఇద్దరు. వినిన వెంటనే బిడ్డ ఏమి చెప్పినదో బిడ్డ మాటలలోనే వ్రాసి, ఆ రోజే పోలీసులకు తెలుపుట, పాస్టరుగారిమీద ఫిర్యాదైనను సరే. కోశాధికారిగారు, నాకంటె ఇరువదేండ్లు పెద్దవారు, అడ్డుచెప్పినారు. "పాటలు నేర్పే పిల్లోడిని కూడా పోలీసు కాగితం అడుగుతామా అయ్యగారూ? రేపు ఆదివారపు బడికి ఎవరొస్తారు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నయే. అమెరికా స్కౌటు నాయకులు కూడ ఒకనాడు ఇదే అడిగియుందురు. కొంతసేపు ఎవ్వరును మాట్లాడలేదు. స్త్రీల మైత్రి కార్యదర్శిగారు లేచి, "ఎవరూ రాకపోతే మేమొస్తామండి" అని కూర్చున్నారు. తీర్మానము ఆమోదము పొందినది.

ఆ వేసవి బడికి పాత ఉపాధ్యాయులు నలుగురు రాలేదు. స్త్రీల మైత్రి నుండి తొమ్మిదిమంది వచ్చినారు. వారిలో ముగ్గురికి యాక్షను పాటలు రావు, పిల్లలే నేర్పినారు. గుడి వసారాలో ప్రకటనల బోర్డు ప్రక్కన 1098 అను అంకెలు ఎర్ర రంగుతో వ్రాయించినాము. ఆపదలో ఉన్న పిల్లలు డబ్బు లేకుండగనే ఫోను చేయదగిన నంబరు అది. పెయింటరు పెద్దల కంటి ఎత్తున వ్రాయబోగా, క్రిందికి దింపి వ్రాయుమని చెప్పితిమి.